పాత ల్యాప్‌టాప్ బదులు ట్యాబ్ సరిపోతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే ప్రశ్న. ల్యాప్‌టాప్ పాతబడింది, కొత్తది కొనాలంటే నలభై యాభై వేలు, పది పదిహేను వేలలో ఒక ట్యాబ్ కొనుక్కుంటే పని జరిగిపోతుందా అని. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. పాత మెషీన్ తెరవగానే ఆ హెచ్చరిక కనబడి చాలామందికి టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు మాస్టారిని. 2014లో మా అబ్బాయి కొనిచ్చిన ల్యాప్‌టాప్ ఉంది. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. స్విచ్ వేసి కాఫీ తాగి వచ్చినా తెర సిద్ధంగా ఉండదు. బ్యాటరీ పోయింది, వైరు తీస్తే ఆరిపోతుంది. దాంట్లో అను ఫాంట్లతో కథలు టైప్ చేసి పత్రికలకు పంపుతాను. మనవరాలితో వీడియో కాల్స్, యూట్యూబ్‌లో పద్యాలు, పెన్షన్ పనులు కూడా దాని మీదే. "ఆ పాత డబ్బా ఎక్స్చేంజ్‌లో ఇచ్చేసి ట్యాబ్ తీసుకో నాన్నా" అంటున్నాడు మా వాడు. ఇచ్చేయమంటారా?
— ఒక పాఠకుడు, తెనాలి

మాస్టారూ, నమస్కారం. ట్యాబ్ కొనండి, కొనకపోండి, ఆ ల్యాప్‌టాప్‌ని మాత్రం ఇప్పుడే ఎవరికీ ఇవ్వకండి. మీ కథలన్నీ అందులో ఉన్నాయి. పైగా అను ఫాంట్లలో ఉన్నాయి. ఈ రెండో సంగతి ఎంత ముఖ్యమో మీ అబ్బాయికి తెలిసి ఉండకపోవచ్చు.

నాకు జరిగింది చెబుతాను. 1997 నుంచి విజయవాడ గవర్నరుపేటలో డీటీపీ సెంటర్ నడిపాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, వాటికి యాపిల్ అని పిలిచే తెలుగు మీటల వరస, ఇరవై ఏళ్లు నా వేళ్లకు తెలిసిన ప్రపంచం అదే. మా నాన్న చివరి రోజుల్లో తన ఊరి సంగతులు చెబుతుంటే పక్కన కూర్చుని టైప్ చేశాను. మాది దివిసీమ. 1977 నవంబరు ఉప్పెనలో బయటపడిన మనిషి ఆయన. మొత్తం 160 పేజీలయింది. 2019లో సెంటర్ మూసేశాక పాత ల్యాప్‌టాప్‌ని ఒక షాపులో ఎక్స్చేంజ్‌కి ఇచ్చి చవక ట్యాబ్ ఒకటి తెచ్చుకున్నాను. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేశానన్న ధైర్యం. ఇంటికొచ్చి ట్యాబ్‌లో తెరిచి చూస్తే నాన్న మాట ఒక్కటి లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, అడ్డగీతలు. నా పాత స్నేహితురాలి సెంటర్‌కి పరిగెత్తాను. అక్కడి కంప్యూటర్‌లో తెలుగు కనబడింది గానీ చివరి 22 పేజీలు లేవు. అవి డెస్క్‌టాప్ మీద వేరే ఫైలుగా ఉండిపోయాయి, నేను చూసుకోలేదు. షాపుకి వెళ్తే ల్యాప్‌టాప్ అప్పటికే చేతులు మారింది. నాన్న అప్పటికి పోయి ఏడు నెలలు. ఉప్పెన వచ్చిన రాత్రి గురించి ఆయన చెప్పిందంతా ఆ 22 పేజీల్లోనే ఉంది.

అందుకే మీ ఉత్తరంలో "ఎక్స్చేంజ్" అన్న మాట చూడగానే నా గుండె జారింది.

అసలు అలా ఎందుకవుతుందంటే, ఇప్పుడు ఫోన్లలో, ట్యాబుల్లో మనం చదివే తెలుగు యూనికోడ్. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతటా ఒకటే సంఖ్య ఉంటుంది. ఏ కంపెనీ ఫోన్‌లో తెరిచినా "క" అనేది "క"గానే కనబడుతుంది. అను ఫాంట్లు అంతకుముందు కాలానివి. అవి తెలుగు అక్షరాలను తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు అని ముక్కలు చేసి, ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్లలో కూర్చోబెట్టాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో అది చక్కటి తెలుగు. ఫాంటు లేని చోట ఆ గళ్లలో ఉండవలసిన ఇంగ్లీషు అక్షరాలే బయటపడతాయి. అను ఫాంట్లతో టైప్ చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్ ట్యాబ్‌లో పని చేయదు, అది విండోస్ సాఫ్ట్‌వేర్.

కాబట్టి ముందు చేయవలసింది మీ కథల పని. ల్యాప్‌టాప్ ఎంత నెమ్మదిగా ఉన్నా సరే, రోజుకు రెండు మూడు కథల చొప్పున తెరిచి పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. పీడీఎఫ్‌లో ఫాంటు కూడా లోపలే ఇమిడి ఉంటుంది కనుక ట్యాబ్‌లోనూ ఫోన్‌లోనూ మీ కథ ఉన్నదున్నట్టు కనబడుతుంది. చదువుకోవడానికి అది చాలు. కానీ అందులో దిద్దడం కష్టం. మళ్లీ దిద్దుకోవాలనుకున్న కథలను యూనికోడ్‌లోకి మార్చాలి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మార్చాక మాత్రం ఒక్కసారి పూర్తిగా చదవండి. ఘ, ఝ లాంటి అక్షరాలు, కొన్ని వత్తులు, కొటేషన్ గుర్తులు తప్పుగా పడుతుంటాయి. మీరు తెలుగు మాస్టారు, మీ కంటికి ఇట్టే దొరుకుతాయి. అసలు అను ఫైళ్లను కూడా పారేయకండి. రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టి ఒకటి మీ అబ్బాయి ఇంట్లో ఉంచండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, డి డ్రైవ్ నాలుగూ వెతకండి. నేను వెతకనిది మీరు వెతకాలి.

ఇక ల్యాప్‌టాప్ నెమ్మదితనం. ఇందులో చాలా భాగం హార్డ్ డిస్క్ వల్ల. దాని లోపల గ్రామఫోను రికార్డు లాంటి పళ్లెం తిరుగుతూ ఉంటుంది. ఆ రోజుల ల్యాప్‌టాపుల్లో ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు. సన్నటి చేయి ఒకటి దాని మీద అటూ ఇటూ కదిలి ఫైళ్లను వెతుకుతుంది. విండోస్ 10 ఒకేసారి వంద చోట్ల వెతకమంటుంది, పాపం అది ఒక్కో చోటికే వెళ్లగలదు. దాన్ని తీసి 256 జీబీ ఎస్ఎస్‌డీ వేయిస్తే, అందులో తిరిగే భాగాలే ఉండవు కనుక, స్విచ్ వేసిన నిమిషం లోపే తెర సిద్ధమవుతుంది. మా తమ్ముడి 2013 ల్యాప్‌టాప్‌కి ఇదే చేయించాను. వాడు ఇంకా వాడుతున్నాడు. వీలైతే ర్యామ్ కూడా 8 జీబీ చేయించండి. మెమరీ ధరలు ఈ మధ్య పెరిగాయి, కాబట్టి రెండు షాపుల్లో అడిగి చేయించుకోండి. ఎలా చూసినా ట్యాబ్ ధరలో కొంత భాగమే అవుతుంది. తీసేసిన హార్డ్ డిస్క్‌ని షాపులో వదిలి రాకండి, అడిగి తెచ్చుకుని బీరువాలో పెట్టండి. అది మీ కథల మూడో కాపీ.

బ్యాటరీ పోయిందన్నారు. ల్యాప్‌టాప్ అడుగు భాగం ఉబ్బినట్టు ఉందా, బల్ల మీద పెడితే ఊగుతోందా చూడండి. ఉబ్బితే ఆ రోజే తీయించేయండి, ఆలస్యం వద్దు. 2014 నాటి చాలా మోడళ్లలో బ్యాటరీ కింద నుంచి క్లిప్పు జరిపితే వచ్చేస్తుంది, అది లేకుండానే చార్జర్ మీద నడుస్తుంది. కరెంటు పోతే రాసింది పోతుంది కనుక ఇన్వర్టర్ లైనులో ప్లగ్ పెట్టుకోండి.

మీ మెషీన్‌కి విండోస్ 11 రాదు. దానికి ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి పైకి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలని మైక్రోసాఫ్ట్ షరతు. ఎనిమిదో తరం వచ్చిందే 2017లో. అడ్డదారిలో ఎక్కించి ఇస్తామనే వాళ్లుంటారు, వద్దనండి. భద్రతా అప్‌డేట్లు లేని మెషీన్‌లో బ్యాంకు పనులు చేయకూడదు. మీకు నేను చెప్పేదేమిటంటే, నెట్ తీసేసి దాన్ని రాతబల్లగా మార్చేయండి. పెన్షన్, బ్యాంకు ఫోన్‌లో చూసుకోండి. లైఫ్ సర్టిఫికెట్ కూడా 2021 నవంబరు నుంచి జీవన్ ప్రమాణ్‌లో ముఖ గుర్తింపుతో ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే ఇవ్వొచ్చు, వేలిముద్ర మెషీన్ అక్కర్లేదు.

ట్యాబ్ మీద కథ రాయగలనా అని మీరు అడగలేదు గానీ అసలు ప్రశ్న అదే. రాయొచ్చు, కొత్తగా నేర్చుకోగలిగితే. గూగుల్ వాళ్ల టైపింగ్ యాప్ జీబోర్డులో తెలుగు కీబోర్డు ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతి ఉంది, వేలితో రాస్తే గుర్తుపట్టేది ఉంది, మాట్లాడితే టైప్ చేసేది కూడా ఉంది. ఉత్తరానికి ఇవి చాలు. కథకు చాలవని నా అనుభవం. నోటితో చెబితే పుస్తక భాష బాగానే పడుతుంది. పాత్ర చేత మన తెనాలి యాస మాట్లాడించబోతే చాలాసార్లు వేరే మాట పడుతుంది. అద్దం మీద వేళ్లతో పది పేజీలు కొడితే మెడ పట్టేస్తుంది. బ్లూటూత్ కీబోర్డు పెట్టుకోవచ్చు గానీ, దాని మీద మీకు అలవాటైన యాపిల్ వరస దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. కొనేముందు షాపులోనే జత చేయించి, మీ పేరూ ఊరూ, "కర్తవ్యం" లాంటి నాలుగు కష్టమైన మాటలూ కొట్టి చూడండి. పడకపోతే కొనకండి.

మీకు ఓపిక ఉంటే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. ఇది భారత ప్రభుత్వం ఆమోదించిన వరస, విండోస్‌లోనే ఉంటుంది. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. ఇంగ్లీషు కె మీట మీద "క", డి మీట మీద పొల్లు. అంటే "క్క" కావాలంటే కె, డి, కె. ఇరవై ఏళ్ల యాపిల్ అలవాటు నుంచి మారడానికి నాకు నెలన్నర పట్టింది. మొదటి వారం ఏడుపొచ్చింది, అబద్ధం చెప్పను. అంత అవసరం లేదనుకుంటే పాత యాపిల్ వరసతోనే యూనికోడ్ టైప్ చేయించే లేఅవుట్లు విండోస్‌కి ఉన్నాయి. మీ వేళ్లు మారనక్కర్లేదు, ఫైలు మాత్రం యూనికోడ్‌లో తయారవుతుంది.

ఇంకా డబ్బు మిగిలితే అప్పుడు ట్యాబ్ కొనుక్కోండి, మనవరాలి కోసం, పద్యాల కోసం. ల్యాప్‌టాప్‌లో రాసిన యూనికోడ్ కథను పెన్‌డ్రైవ్‌లో వేసి, ఓటీజీ ముక్క తగిలించి ట్యాబ్‌కి పెడితే అక్కడి నుంచి పత్రికకు మెయిల్ వెళ్లిపోతుంది.

ప్రశ్న: మేడమ్, నా వయసు 66. నా ల్యాప్‌టాప్‌కి కీలు విరిగి తెర నిలబడడం లేదు, గోడకి ఆనించి చూస్తున్నాను. నేను టైప్ చేసేది ఏమీ లేదు. పురాణ ప్రవచనాలు వినడం, నెట్‌లో దొరికే పాత తెలుగు పుస్తకాలు చదవడం, డాలస్‌లో ఉన్న అబ్బాయితో మాట్లాడడం, అంతే. ట్యాబ్ చాలుతుందా? అబ్బాయి అక్కడి నుంచి పంపుతానంటున్నాడు.
— ఒక గృహిణి, ఒంగోలు

చాలుతుందమ్మా, హాయిగా కొనుక్కోండి. మీ పనులన్నీ చూడడం, వినడం, చదవడం. వాటికి ట్యాబ్ ల్యాప్‌టాప్ కన్నా మేలు. పడుకుని చదువుకోవచ్చు, అక్షరాలు వేళ్లతో పెద్దవి చేసుకోవచ్చు.

కానీ అమెరికా నుంచి వద్దనండి. అక్కడ చాలా చవకగా దొరికే అమెజాన్ ఫైర్ ట్యాబ్లెట్లలో గూగుల్ ప్లే స్టోర్ ఉండదు, మీకు కావలసిన యాప్‌లు వెతుక్కోవడమే పని అవుతుంది. వేరే కంపెనీవైనా అక్కడి వారంటీ ఇక్కడ చెల్లకపోతే రిపేరు ఖర్చు మీ మీద పడుతుంది. చార్జర్ పిన్నులు కూడా బల్లపరుపుగా ఉంటాయి, మన సాకెట్‌లో సరిగ్గా పట్టవు. అబ్బాయిని డబ్బు పంపమనండి, ఒంగోలులోనే బిల్లుతో కొనుక్కోండి.

తెర సైజు గురించి కాస్త ఆలోచించాలి. చవక ట్యాబులు రెండు రకాలుగా దొరుకుతున్నాయి, 8.7 అంగుళాలవి, 11 అంగుళాలవి. చిన్నది 330 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, పెద్దది 480 గ్రాముల దాకా. వంటింట్లో బియ్యం కొలిచే చేతికి 150 గ్రాములు లెక్కలోది కాదనిపిస్తుంది గానీ, గంటసేపు ఒంటిచేత్తో పట్టుకుంటే మణికట్టు చెబుతుంది. మీరు చదివేవి పాత పుస్తకాలను స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. వాటిలో అక్షరాలను పెంచాలంటే పేజీ మొత్తం పెరుగుతుంది, పక్కకు జరుపుకుంటూ చదవాలి. మామూలు నవల సైజు పుస్తకమైతే చిన్న తెరలో సరిపోతుంది. పెద్ద సైజు వారపత్రికలు, రెండు కాలమ్‌ల వ్యాఖ్యానాలు అయితే 11 అంగుళాలదే తీసుకోండి, స్టాండు ఉన్న కవరు కొనుక్కోండి.

షాపులో "12 జీబీ ర్యామ్" అని రాసి ఉంటే, అసలు ర్యామ్ ఎంత అని అడగండి. 4 జీబీ ర్యామ్ పెట్టి, స్టోరేజ్ నుంచి 8 జీబీ అరువు తెచ్చుకుని 12 అని కలిపి రాస్తారు. అరువు ర్యామ్ అసలు ర్యామ్ పని చేయదు. మీకు అసలు ర్యామ్ 4 జీబీ ఉండాలి, 6 అయితే నిశ్చింత. స్టోరేజ్ 64 జీబీకి తగ్గొద్దు, అందులో పదిహేను ఇరవై జీబీ దాకా ఆండ్రాయిడ్‌కే పోతుంది. మెమరీ కార్డు పెట్టే చోటు ఉందా చూడండి. ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారో అడగండి. చెప్పలేకపోతే ఆ కంపెనీది వద్దు. నేను 2019లో కొన్న ట్యాబ్‌కి ఒక్క అప్‌డేట్ కూడా రాలేదు, 16 జీబీ నిండిపోయి ఎనిమిది నెలల్లో మూలపడింది.

సినిమాలు కూడా చూస్తారా? అయితే వైడ్‌వైన్ ఎల్1 ఉందో లేదో కనుక్కోండి, అది సినిమాలు కాపీ కాకుండా కాపాడే తాళం లాంటిది. ఎల్3 మాత్రమే ఉంటే ఓటీటీ యాప్‌లు మసక బొమ్మే చూపిస్తాయి, తెర ఎంత మంచిదైనా సరే. యూట్యూబ్ ప్రవచనాలకు ఈ బాధ లేదు.

వాట్సాప్ గురించి చాలామంది భయపడతారు. ట్యాబ్‌లో వాట్సాప్ వేసుకుని, ఫోన్‌లో లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి కోడ్ స్కాన్ చేస్తే అదే నంబరు రెండిట్లోనూ నడుస్తుంది. సిమ్ ఉన్న ట్యాబ్ అక్కర్లేదు, ఇంట్లో వైఫై చాలు.

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో చేరింది. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ పనికి రాదంటోంది. ఎనిమిదో తరగతిలో మేం కొనిచ్చిన ట్యాబ్‌తో బాగానే చదువుకుంది, ఇప్పుడు ఇంకాస్త మంచి ట్యాబ్, కీబోర్డు కొంటే సరిపోదా?
— ఒక తండ్రి, అనంతపురం జిల్లా

సరిపోదండీ. ఎనిమిదో తరగతిలో ఆ ట్యాబ్ పాఠాలు చూపించింది. ఇప్పుడు అమ్మాయి ప్రోగ్రాములు తనే రాయాలి, తప్పులు పట్టాలి, రకరకాల సాఫ్ట్‌వేర్లు ఎక్కించాలి. సీ, పైథాన్ చిన్న చిన్న లెక్కలు ట్యాబ్‌లోనూ నడుస్తాయి గానీ, రెండో ఏడాది ల్యాబులకు వచ్చేసరికి ఆగిపోతుంది. అప్పుడు మళ్లీ ల్యాప్‌టాప్ కొనాలి, అంటే రెండు ఖర్చులు.

కొత్తది భారమైతే, కంపెనీలు వాడి తీసేసిన ఆఫీసు ల్యాప్‌టాపులను బాగుచేసి వారంటీతో అమ్మే షాపులు ఉన్నాయి. సికింద్రాబాద్‌లో సీటీసీ అని పిలిచే కంప్యూటర్ షాపుల సముదాయంలో ఇవి వరసగా దొరుకుతాయి. ఎనిమిదో తరం ప్రాసెసర్ గానీ ఆ పైది గానీ, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, విండోస్ 11, ఇవి తప్పనిసరి. మీ ఎదురుగా బ్యాటరీ రిపోర్ట్ తీయమనండి. అందులో డిజైన్ కెపాసిటీ పక్కన ఫుల్ చార్జ్ కెపాసిటీ ఉంటుంది. రెండోది మొదటిదానిలో సగానికి పడిపోయి ఉంటే ధర తగ్గించమనండి లేదా బ్యాటరీ మార్చి ఇవ్వమనండి. అన్ని మీటలూ కొట్టి చూడమని అమ్మాయిని వెంట తీసుకెళ్లండి, వాడేది తను కదా.

ప్రశ్న: అక్కా, అనకాపల్లిలో లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతున్నాను. పాత ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్‌లో లెక్కలు, బిల్లు ప్రింట్లు, డిజైన్లు చూపించడం. ట్యాబ్ అయితే కస్టమర్ చేతికే ఇచ్చి డిజైన్లు చూపించొచ్చు. మారిపోనా?

డిజైన్లు చూపించడానికి ట్యాబ్‌ని మించింది లేదు చెల్లీ. బ్లౌజు వెనక మెడ దగ్గర వర్కు వేళ్లతో పెద్దది చేసి చూపిస్తే కస్టమర్ అక్కడికక్కడే తేల్చుకుంటుంది. కొలతల ఫొటో తీసి పేరుతో దాచుకోవచ్చు. పూర్తిగా మారేముందు మాత్రం మూడు సంగతులు చూసుకో.

మొదటిది ప్రింటర్. వైరుతో నడిచే నీ పాత ప్రింటర్ ట్యాబ్ మాట వినకపోవచ్చు. వైఫై ప్రింటర్ గానీ, చిన్న బ్లూటూత్ థర్మల్ బిల్లు ప్రింటర్ గానీ కావాలి. ఆ ఖర్చు ట్యాబ్ ధరలో కలిపి లెక్క వేసుకో. రెండోది ఎక్సెల్. మైక్రోసాఫ్ట్ యాప్‌లు 10.1 అంగుళాల లోపు తెర ఉన్న వాటిలోనే ఉచితంగా దిద్దనిస్తాయి. అంతకన్నా పెద్ద ట్యాబ్ కొంటే ఫైలు చూడొచ్చు గానీ మార్చాలంటే చందా కట్టాలి. ఈ సంగతి షాపులో ఎవరూ చెప్పరు. 11 అంగుళాలదే కావాలనుకుంటే గూగుల్ షీట్స్‌కి మారిపో, అది ఉచితం. మూడోది యూపీఐ. దాని నమోదుకు నీ బ్యాంకు నంబరు సిమ్ నుంచి ఎస్ఎంఎస్ వెళ్లాలి, వైఫై ట్యాబ్‌లో అది జరగదు. డబ్బు వచ్చిందో లేదో ఫోన్‌లోనే చూసుకోవాలి.

మీ ఆడిటర్ ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఫైలు అడిగితే మాత్రం పాత ల్యాప్‌టాప్ ఉంచుకోక తప్పదు, ట్యాలీ విండోస్ మీద నడిచేది.

ప్రశ్న: ట్యాబ్ కొనేశాను, పని బాగానే జరుగుతోంది. మూలన ఉన్న పాత ల్యాప్‌టాప్‌ని పాత సామాన్లు కొనేవాళ్లకి ఇచ్చేయొచ్చా?
— ఒక పాఠకుడు, వరంగల్

ఇవ్వకండి. ఒకటి, అందులో బ్యాటరీ ఉంటుంది, తూకానికి కొన్నవాళ్లు సుత్తితో పగలగొడతారు. కొన్నిచోట్ల ఆ పనిలో చిన్నపిల్లలు కూడా ఉంటారు. లిథియం బ్యాటరీకి దెబ్బ తగిలితే మంట లేవొచ్చు. రెండు, మీ ఫొటోలు, ఆధార్ కాపీలు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు అందులోనే ఉంటాయి. డిలీట్ కొట్టినంత మాత్రాన పోవు. విషయసూచికలో పేరు కొట్టేసినట్టు అవుతుంది, అధ్యాయం లోపల అలాగే ఉంటుంది. హార్డ్ డిస్క్ విప్పించి మీ దగ్గర పెట్టుకోండి, లేదా విండోస్ రీసెట్‌లో డ్రైవ్ క్లీన్ చేసే ఎంపిక ఎంచుకుని రాత్రంతా వదిలేయండి.

ఈ-వ్యర్థాల నిబంధనలు 2022 ప్రకారం, అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, అమ్ముడుపోయిన సరుకు పాతబడ్డాక రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. మీ ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఎక్కడ అప్పగించాలో చూడండి, లేదా గుర్తింపు ఉన్న రీసైక్లర్‌కి ఇవ్వండి.

అది ఇంకా వెలుగుతుంటే మాత్రం మరో దారి ఉంది. లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ 2 జీబీ ర్యామ్ ఉన్నా ఎక్కుతుంది, 4 జీబీ ఉంటే బాగా నడుస్తుంది. దానికి భద్రతా అప్‌డేట్లు కూడా వస్తుంటాయి. మీ వీధిలో టైపింగ్ నేర్చుకోవాలనుకునే పిల్ల ఎవరైనా ఉంటే ఎక్కించి ఇవ్వండి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అందులోనూ ఉంటుంది, సెటింగ్స్‌లో కీబోర్డు లేఅవుట్ల జాబితాలో తెలుగు జత చేస్తే చాలు. ఇచ్చేముందు డెస్క్‌టాప్ మీద ఏ ఫైలూ మిగల్లేదని ఇంకొక్కసారి చూసుకోండి.